వన్స్ మోర్ మా లెక్కలో లేదు

ఆ ఆదివారం మధ్యాహ్నం కళ్యాణ మండపంలో ఉన్నవారు, ఉన్నవి: వేదిక మీద ఒక రాజు, ఒక రాణి, ఇద్దరు మంత్రులు, ఒక ముని. వాళ్ళకు ఒక పక్కగా హార్మోనియం, తబలా, వాటిని వాయించేవాళ్ళు. పెళ్ళి రిసెప్షన్లలో వధూవరులు కూర్చునే ఎర్ర మఖమల్ సోఫా; ఆ రోజుకు అదే సింహాసనం. వేలాడే మైకులు మూడు, అందులో గరగరలాడేది ఒకటి. కెమెరాలు రెండు, ఒకటి మాది, రెండోది పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ని బతిమాలి తెచ్చుకున్నది. వేదికకు ఎడమవైపు, మా చానల్లో లైవ్‌గా పోయేదాన్నే చూపించే పెద్ద ఎల్‌ఈడీ తెర. హాలు వెనక మూల ఒక బల్ల. దాని మీద మిక్సరు, ల్యాప్‌టాప్, సగం తాగిన టీ గ్లాసులు. బల్ల వెనక నేను, నా వెనక మా కేబుల్ నెట్‌వర్క్ యజమాని. శూన్యమాసం కాబట్టి మండపం ఖాళీగా దొరికింది. కుర్చీలు మాత్రం ఖాళీగా లేవు.

లేనివారు ఒక్కరే. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టామో ఆ పెద్దావిడ మూడు వీధుల అవతల, తన ఇంట్లో, టీవీ ముందు ఉన్నారు.

ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాయాలి. నాకింకా ముప్పై నిండలేదు. కానీ ఆ ఉద్యోగం మానేసి వేరే ఊళ్ళో వేరే పనిలో చేరాను కాబట్టి, దాని వరకు రిటైరైనట్టే లెక్క. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పట్టుకుని ఏదో ఒక చిన్న నెట్‌వర్క్‌లో చేరబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. పనికిరాకపోతే నవ్వుకోవచ్చు.

మాది గూడూరు దాటి సముద్రం వైపు వచ్చే దారిలో ఉన్న చిన్న పట్నం. కేబుల్ డిజిటల్ అయి, ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సులు వచ్చాక, ఇబ్బంది పడ్డవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు, చూపూ వినికిడీ సరిగా లేనివాళ్ళు. ఇంతకు ముందు ఒక మీట నొక్కితే పాట వచ్చేది. ఇప్పుడు రెండు రిమోట్లు, మూడంకెల నంబర్లు, చీమ తలంత అక్షరాలతో మెనూ. ఫిర్యాదులన్నీ నా మీదకు వచ్చేవి. చూపు లేని ఒకాయనకు రిమోట్‌లో ఐదో నంబరు మీట మీద వాళ్ళావిడ బొట్టుబిళ్ళ అంటించి ఇచ్చాను. వేలికి తగిలే ఆ బిళ్ళ నుంచి పైకి, కిందకి, పక్కకు లెక్క పెట్టుకుని ఆయన అన్ని చానళ్ళూ తిప్పేవాడు. చేతులు వణికే ఒకామెకు పనికిరాని మీటలన్నీ కనపడకుండా అట్టముక్క కోసి రిమోట్‌కు తొడిగాను. ఇవేవీ కాలేజీలో చెప్పలేదు. చెప్పినవాటితో అంతగా పని పడలేదు.

పెద్దావిడ దగ్గరకు వెళ్ళింది కూడా అలాంటి ఫిర్యాదు మీదే. ఆమె ఒకప్పుడు పద్య నాటకాల్లో రాజు వేషం వేసేది. ఆడమనిషి రాజు వేషం కట్టి మీసం మెలేస్తే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళట. ఇప్పుడు డెబ్భై దాటింది. చెవి మిషను పెట్టుకుంటే శబ్దం వస్తుంది, మాట రాదు. శబ్దాన్నీ పెదవుల కదలికనూ కలిపి చూసుకుంటేనే ఆమెకు మాట అర్థమవుతుంది.

"అబ్బయ్యా, ఈ డబ్బా వచ్చినకాడి నుంచి వార్తలు చదివే పిల్ల ముందు నోరు మూస్తా ఉంది, మాట తర్వాత వస్తా ఉంది. నాకంటే చెవులు పొయ్యినాయి. దానికేం వచ్చింది?" అంది, వీధి చివరిదాకా వినిపించే గొంతుతో.

నేను చూస్తే నిజమే. మా దగ్గర చవక రకం పరికరం ఒకటి బొమ్మను ముందు, శబ్దాన్ని వెనక పంపుతోంది. బాగా వినిపించేవాళ్ళకు అంత తేడా పట్టదు. ఆమెకు మాత్రం మాట మొత్తం పోతోంది. ఆఫీసుకు వెళ్ళి రెండింటినీ కలిపాను. మర్నాడు ఎలా ఉందో అడుగుదామని వెళ్ళాను. ఆమెతో మాట్లాడాలంటే ఫోన్‌లో పెద్ద అక్షరాలతో టైపు చేసి చూపించాలి.

"వార్తలు బాగుండాయి," అంది. "నాటకాల సంగతి చూడు."

మా లోకల్ చానల్లో అప్పుడప్పుడు నాటకాలు వేసేవాళ్ళం. వాటికేమైందని టైపు చేశాను.

"రాజుకి ఎదురుగా మైకు, మూతికి మీసం. ఇంక పెదవి యాడ కనపడతాది? నాటకం మొత్తం నాకు నోటికొచ్చు అబ్బయ్యా. ఏ పేజీలో ఉండారో చెప్పేవాళ్ళు లేరు."

హాలుకే వచ్చి ముందు వరసలో కూర్చోవచ్చు కదా అన్నాను.

"కూర్చుంటే వచ్చినోళ్ళంతా చేతులూపి సైగలు చేస్తారు. నేనేమన్నా ఉయ్యాల్లో బిడ్డనా?"

ఆమె శిష్యుడొకడు ఉన్నాడు. కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటుకు కంపెనీ బస్సు తోలతాడు. ఆమె వేసిన రాజు వేషం ఇప్పుడు అతనిది. వినికిడి పోయిన తర్వాత ఆమె అతనికి నేర్పడం మానేసింది. వినలేనిదాన్ని, తప్పు ఎలా పట్టుకోగలను అనేది ఆమె మాట. అతను ఎన్నిసార్లు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నా ఉలకలేదు.

"అమ్మ నన్ను తిట్టి ఆరేళ్ళయింది అన్నా," అన్నాడు అతను నాతో. "జనం చప్పట్లు కొడతానే ఉండారు. ఆ చప్పట్లు నమ్మాలంటే భయంగా ఉంది. బ్రేకు పడతాదో లేదో తెలీకుండా ఘాట్ దిగినట్టుంది."

అలా వచ్చింది ఆలోచన. నాటకం జరుగుతుండగా, ఎవరు ఏ పద్యం పాడుతున్నారో, ఏ మాట అంటున్నారో తెర అడుగున అక్షరాల్లో వెయ్యాలి. ఊళ్ళో వినపడని పెద్దవాళ్ళు ఇంకెంతమందో ఉన్నారు. అందరికీ పనికొస్తుంది.

మా యజమాని దగ్గర చెప్పాను. ఆయన్ని అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం.

"తెర అడుగునా? ఆడ ఏముండాదో తెలుసా నీకు?" అన్నాడు అన్న.

తెలుసు. తెర అడుగున ప్రకటనల పట్టీ పోతుంటుంది. చీరల కొట్టు, పళ్ళ డాక్టరు, విత్తనాల అంగడి, అద్దెకు ఇల్లు, నిమ్మకాయల ధర.

"మనం అన్నం తినేది ఆ పట్టీ మీద. దాన్ని తీసి పద్యాలేస్తే చీరల కొట్టాయన నన్ను పట్టుచీరలో మూటగట్టి పెన్నలో పారేస్తాడు."

"పట్టీ పైకి జరుపుదాం అన్నా. అక్షరాలు కిందనే ఉండాలి. చదివేవాళ్ళ కన్ను కిందకే పోతుంది."

అన్న కాసేపు తల గోక్కున్నాడు. "సరే. ఒక్క నాటకం. ఆ పెద్దామె కడదాకా చూసిందంటే, నాటకాలున్న రోజు పట్టీ పైకి పోతాది. చూడలేదంటే ఈ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తబాకు."

ఒప్పందం కుదిరింది. పెద్దావిడకు చెప్తే, "చూస్తాలే," అని మాత్రం అంది. ఆ "లే"లో నమ్మకం పెద్దగా కనపడలేదు.

నేను పని మొదలుపెట్టాను. నాటక సమాజం వాళ్ళ దగ్గర ప్రతి తీసుకుని మొత్తం టైపు చేశాను. ఏ నాటకమో చెప్పను. పద్య నాటకం అనగానే మన జిల్లాలో ఎవరికైనా తట్టే రెండు మూడింటిలో అదొకటి. నల్లని పట్టీ మీద పసుపుపచ్చ అక్షరాలు, వరసకు పద్య పాదంలో సగం. బుచ్చిరెడ్డిపాలెంలో ఒక రైసుమిల్లు గోదాములో వాళ్ళ రిహార్సల్ జరిగితే వెళ్ళి మొత్తం రికార్డు చేసుకున్నాను. ఆ రికార్డు పెట్టుకుని ఏ వరస ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటీ గుర్తుపెట్టాను. ఆఖరికి మీట ఒకసారి నొక్కితే చాలు, నాటకం మొత్తానికి అక్షరాలు వాటంతటవే నడుస్తాయి. అన్నకు చూపించాను. రాజు నోరు తెరిచేసరికి పద్యం తెర మీద ఉంది.

"బలే కుట్టినావురా, కుట్టు కనపడకుండా," అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఇక ఆ ఆదివారం. తెర లేచింది, నేను మీట నొక్కాను. మొదటి మాటలు, మొదటి పద్యం, అన్నీ అచ్చు రికార్డులాగే నడిచాయి. రాజు పద్యం ముగించి రాగాన్ని అలా పైకి తీసుకెళ్ళి వదిలాడు. మూడో వరసలోంచి ఒకాయన లేచి చెయ్యెత్తాడు.

"వన్స్ మోర్."

ఆ వెంటనే వెనక నుంచి, పక్క నుంచి, బాల్కనీ నుంచి. పద్య నాటకం చూడని చిన్నవాళ్ళ కోసం చెప్తున్నాను: పద్యం నచ్చితే జనం మళ్ళీ పాడమంటారు, నటుడు మళ్ళీ పాడతాడు. రాణి చచ్చిపోతున్నా సరే, కథ ఆగుతుంది, పద్యం మొదటి నుంచి వస్తుంది. ఈసారి రాగం ఇంకా పెంచి పాడతాడు. ఇది ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. కానీ నేను కొలతలు తీసుకున్న రోజు ఆ గోదాములో చూడ్డానికి ఉన్నది నేను, వాచ్‌మన్, కొన్ని పావురాలు. మాలో ఎవరం వన్స్ మోర్ అనలేదు.

రాజు కళ్ళు మూసుకుని మొదటి పాదం మళ్ళీ ఎత్తుకున్నాడు. నా సాఫ్ట్‌వేర్ ముందుకు పోయింది. తెర మీద పసుపుపచ్చ అక్షరాల్లో మంత్రి మాట వచ్చింది: "మహాప్రభూ, ఇక చాలించి విశ్రమించండి."

హాల్లో ఎల్‌ఈడీ తెర మీద కూడా అదే కనిపిస్తోంది కదా. మొదట ఎవరో కిసుక్కుమన్నారు.

"మంత్రికి బస్సు టైమైనట్టుంది," అన్నాడు మూడో వరస ఆయన.

నేను కంగారుగా సాఫ్ట్‌వేర్‌ను ఆపి వెనక్కి లాగాను. లాగి ఎక్కడ పెట్టాలి? రాజు రెండో పాదంలో ఉన్నాడా, మూడో పాదంలో ఉన్నాడా? అన్నీ పొడుగు సమాసాలు. ఒక్కో అక్షరం మీద రాగం మెట్లెక్కి దిగుతోంది. నాకు ఆ రాగంలో మాట దొరకలేదు. ఆలోచిస్తే, నా పరిస్థితి ఆ పెద్దావిడ పరిస్థితే. అక్షరాలన్నీ నా చేతిలో ఉన్నాయి, ఏ పేజీలో ఉన్నామో తెలీడం లేదు. ఊహించి ఒక వరస వేశాను. తప్పు. ఇంకోటి వేశాను. అదీ తప్పు. ఈలోగా పద్యం అయిపోయింది, మంత్రి నోరు తెరిచాడు, తెర మీద మాత్రం రాజు ఇంకా పాడుతున్నాడు.

తర్వాతి పద్యానికి కూడా వన్స్ మోర్ పడింది. ఆ తర్వాతి దానికీ పడింది. మామూలు రోజుల్లో ఇది నాటకానికి గొప్ప విజయం.

నా ఫోన్ మోగింది. పెద్దావిడ మెసేజి. ఆమె ఎప్పుడూ ఫుల్‌స్టాప్‌లతో సహా రాసేది. "రాజు ఒకచోట ఉండాడు. అక్షరాలు ఒకచోట ఉండాయి. అక్షరాలు లేనప్పుడే మేలు. టీవీ కట్టేసినా."

ఫోన్‌ను తిప్పి అన్నకు చూపించక తప్పలేదు. అన్న చదివి, కోప్పడకుండా, "తీసెయ్యిరా. పట్టీ పెట్టెయ్," అన్నాడు. కోప్పడి ఉంటే నాకు ఇంకాస్త బాగుండేది.

విరామంలో హార్మోనిస్టు టీ కోసం మా బల్ల దగ్గరకు వచ్చాడు. అరవై దాటిన మనిషి, చొక్కా పై గుండీ ఎప్పుడూ పెట్టుకోడు.

"వన్స్ మోర్‌లు ఉంటాయని రిహార్సల్లో ఒక్కరైనా చెప్పలేదే అయ్యా," అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"ఎట్టా చెప్తాం? అది పిలిస్తే వచ్చేదా? వస్తే వస్తాది. రాకపోతే తలకాయ దించుకుని ఇంటికి పోతాం."

"మళ్ళీ పాడతాడని మీకెలా తెలుస్తుంది?"

"అరిచిన ప్రతిసారీ పాడడు గదా. గొంతు చూసుకోవాల. పాడాలనుకుంటే నా దిక్కు ఒక చూపు చూస్తాడు. నేను శ్రుతి ఎత్తుకుంటా. జనానికి తెలిసేది ఆ తర్వాత."

"పాదం మారేది?"

"నాకు తెలీకుండా మారతాదా?" అని నా వైపు వింతగా చూశాడు.

నేను అన్న వైపు చూశాను. అన్న పైకప్పు వైపు చూశాడు. "రెండో సగం ఉండాది గదా," అన్నాడు చివరికి. "ఇది కూడా పాడైతే మాత్రం నేను చీరల కొట్టాయన పక్కనే కూర్చుంటా."

హార్మోనిస్టు పక్కన కూర్చోవాలంటే వేదిక ఎక్కాలి. వేదిక మీద హార్మోనియం జనానికీ కెమెరాకీ కనపడేచోట ఉంది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కుతుంటే రాజు అడ్డంగా నిలబడ్డాడు.

"రాజసభలోకి జీన్ ప్యాంటుతోనా? కుదరదన్నా."

వాళ్ళ పెట్టెలో మిగిలిన మంత్రి వేషం ఉంది. ప్యాంటు మీదే పట్టు పంచె చుట్టారు. భుజాన జరీ కండువా, నా తలకంటే పెద్ద తలకు కుట్టిన తలపాగా, బంకతో అంటించిన మీసం. ల్యాప్‌టాప్‌ను తాంబూలం పళ్ళెంలో పెట్టి, చుట్టూ తమలపాకులు పరిచి, పైన కండువా కొంగు కప్పారు. కేబుల్‌ను మైకు వైర్లతో కలిపి వెనక్కి లాగాం. తెర లేచే ముందు పెద్దావిడకు మెసేజి పెట్టాను: "అమ్మా, మళ్ళీ పెట్టండి. ఈసారి యంత్రం కాదు, నేనే వేస్తున్నా." రెండు టిక్కులు పడ్డాయి. అవి నీలం కాలేదు. ఫోన్ పంచె మడతలోకి పోయింది.

హార్మోనిస్టు ఎడమ చెయ్యి గాలి కొడుతుంది, కుడి చెయ్యి మెట్ల మీద ఉంటుంది. ఖాళీగా ఉన్నది మోకాలు. దాన్ని నా మోకాలికి ఆనించి కూర్చున్నాడు. పాదంలో సగం దాటితే ఒక చిన్న పోటు, నేను వరస మారుస్తాను. పద్యం మళ్ళీ మొదలైతే వరసగా రెండు పోట్లు. అంతకంటే మాట్లాడుకోవడానికి సమయం లేదు.

మొదటి పద్యంలో రెండు వరసలు ఆలస్యమయ్యాయి. రెండో పద్యానికి నా మోకాలికి పాఠం వచ్చేసింది. వచనం వచ్చినప్పుడు నేనే విని వేసుకున్నాను. నటులు సొంతంగా కలిపిన మాటలు కూడా గబగబా టైపు చేసి పెట్టాను. ముని ఒకచోట మాట మరిచిపోయి దగ్గితే, దగ్గు కూడా వేశాను.

చివరి అంకంలో పెద్ద పద్యం వచ్చింది. సభంతా వెళ్ళిపోయాక, రాజు అన్నీ పోగొట్టుకుని ఒంటరిగా నిలబడి పాడేది. ముగించేసరికి హాలు లేచింది. రాజు చెమట తుడుచుకుంటూ హార్మోనియం వైపు ఒక్క చూపు చూశాడు. నా మోకాలికి రెండు పోట్లు. నేను మొదటి వరస వేశాను. శ్రుతి ఇంకా ఎత్తుకోలేదు, రాజు ఇంకా నోరు తెరవలేదు.

"అక్షరం పడిందిరో, మళ్ళీ పాడతాడు," అని అరిచాడు మూడో వరస ఆయన. చప్పట్లు మోగాయి. ఆ మండపంలో నా పనికి వచ్చిన చప్పట్లు అవి మాత్రమే. అవి కూడా రాజుకు వచ్చినవే.

మీకు చెప్పదలుచుకున్నది ఇదే. చూసేవాళ్ళు లేనిచోట తీసుకున్న కొలతను పూర్తిగా నమ్మకండి. యంత్రానికి అప్పగించే పనుల్లో పక్కన ఒక మనిషి మోకాలు కావలసినవి కొన్ని ఉంటాయి. అవి ఏవన్నది ముందుగా తెలియదు. కాస్త నవ్వులపాలయ్యాకే తెలుస్తుంది.

నాటకం అయిపోగానే ఫోన్ తీశాను. టిక్కులు నీలంగా ఉన్నాయి. జవాబు లేదు.

"చదివింది సరే, చూసిందా?" అన్నాడు అన్న. "పోయి అడుగుదాం. ఆమె మాటే మాట."

అన్న, రాజు, నేను బయల్దేరాం. రాజు కిరీటం తీశాడు కానీ రంగు కడుక్కోలేదు. నా మీసం బంక వదల్లేదు. కంపెనీ బస్సు నడిపే మనిషి మూడు వీధులు నడవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

తలుపు తీసే ఉంది. పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా టీవీ నడుస్తోంది, అందులో పళ్ళ డాక్టరు నవ్వుతున్నాడు. మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని చూసి, చూపు నా మీసం మీద ఆపింది.

"చివరంకంలో రాజు లోపలికి వస్తే సభంతా లేచింది. లేవకుండా కూర్చున్న మంత్రివి నువ్వేనా?"

అన్న గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. నేను ఫోన్ తీసి, కడదాకా చూశారా అని టైపు చేయబోయాను. ఆమె నా వైపు చూడటం లేదు. రాజును దగ్గరకు రమ్మని వేలితో సైగ చేసింది. అతను వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"పెద్ద పద్యం. మూడో పాదంలో సగం కూడా కాలా, నీ భుజం లేచింది. ఊపిరి ఆడ తీసుకుంటారా? అక్షరం మారేదాకా ఆగలేవా? నేను నీకు అట్టా నేర్పినానా?"

"లేదమ్మా," అన్నాడు రాజు. ఆమెకు వినపడదు కాబట్టి తల కూడా ఊపాడు. బుగ్గల మీద రంగు గీతలు కడుతోంది, నోరు మాత్రం చెవులదాకా సాగింది.

"నవ్వుతాడేందిరా వీడు? రెండోసారి పాడినప్పుడు కూడా ఆడనే లేచింది. చెయ్యి ఎత్తాల్సిన మాట ఒకటి, నువ్వు ఎత్తింది ఇంకో మాటకి. అక్షరాలు ఎదురుగా కనపడతా ఉండాయి గదా, నా దగ్గర దాగతాదా?"

"పట్టీ పైకి పోనీరా," అన్నాడు అన్న నా చెవిలో. "చీరల కొట్టాయనకి నేను చెప్పుకుంటా. పైనుంటే తల ఎత్తి చూస్తారు, మర్యాదగా ఉంటాదని చెప్తా."

పెద్దావిడ ఆగలేదు. సోమవారం డ్యూటీ అయ్యాక రమ్మని రాజుకు చెప్పింది, మంగళవారం కూడా రమ్మంది, మళ్ళీ తప్పుల్లోకి వచ్చింది. నాకు అలవాటు కొద్దీ ఆమె చెప్పినవి చెప్పినట్టే ఫోన్‌లో వరసగా నంబర్లు వేసి రాసుకున్నాను. రాజువి పదకొండు, ముసలి మంత్రివి రెండు, నాది ఒకటి. మొత్తం తప్పులు పద్నాలుగు.